కింద నుంచి చూడాల్సిన బల్ల

ఎర్రచందనం అనగానే మనకు శేషాచలం, పట్టుబడ్డ లారీలు గుర్తొస్తాయి. ఆ దుంగలకు చైనాలో అంత గిరాకీ ఎందుకో తెలియాలంటే అక్కడి పాత చెక్క సామాను చూడాలి. వాళ్లు ‘జితాన్’ అనే కలప ఎర్రచందనమేనని సాధారణంగా చెబుతారు. చింగ్ చక్రవర్తి చియెన్‌లాంగ్ కాలంలో (1736–95) అంతఃపుర సామానుకు అదంటే మహా మోజు.

నాకు మాత్రం ఆ రాజసం కంటే, అంతకుముందరి మింగ్ కాలపు (1368–1644) సాదా బల్లలూ కుర్చీలే ఇష్టం. 1567లో సముద్ర వర్తకంపై నిషేధం సడలాక విదేశీ గట్టి కలప చైనాకు ఎక్కువగా చేరింది. గట్టి కర్ర చేతికొచ్చేసరికి వడ్రంగులు కాళ్లు సన్నగా, జాయింట్లు సూక్ష్మంగా చెక్కగలిగారు.

బల్ల పైభాగమే తీసుకోండి. ఏటవాలు కోతతో మూలలు కలిపిన చట్రం, దాని గాడిలో పలక. ఆ పలకను మేకులతో బిగించరు. కర్ర తేమకు ఉబ్బుతుంది, పొడికి ముడుచుకుంటుంది. అదీ అడ్డంగానే, పొడవునా దాదాపు ఉండదు. గాడిలో కాస్త ఖాళీ ఉంది కాబట్టి పలక అటూఇటూ జరుగుతుంది, చట్రం మాత్రం చెక్కుచెదరదు. అడుగున అడ్డంగా దూర్చిన బద్ద పలకను వంగనివ్వదు. కొన్ని బీరువాల తలుపులకు ఇనుప బందులే ఉండవు. మన పాత మండువా ఇళ్ల వాకిలి తలుపుల్లా, పైనా కిందా ఉన్న కొనలు బెజ్జాల్లో తిరుగుతాయి.

ఈ లోపలి పనితనాన్ని లోకానికి చూపినవారు వాంగ్ షిషియాంగ్ (1914–2009). మింగ్ సామానుపై ఆయన పెద్ద పుస్తకం 1985లో వచ్చింది. ఆయన పుస్తకాల్లో జాయింట్లను విడదీసి చూపే బొమ్మలు గీసింది ఆయన భార్య యువాన్ చువాన్‌యూ. ఆయన సేకరించిన 79 వస్తువులు ఇప్పుడు షాంఘై మ్యూజియంలో ఉన్నాయి.

అందుకే పాత సామాను ఎక్కడ కనిపించినా నేను ముందు కిందకి వంగి చూస్తాను. పలకకు కదిలే చోటుందా? తర్వాత ఎవరైనా స్క్రూ బిగించారా? కాళ్ల అడుగున నేల తేమ తిన్న గుర్తులున్నాయా, లేక పైనుంచి కిందిదాకా ఒకే పాలిష్ మెరుస్తోందా? ఖరీదైన కర్ర పేరు చెప్పి అమ్మే నకిలీలకు కొదవలేదు. ఉత్తర చైనా మామూలు ఇళ్లలోని ఎల్మ్ కలప సామానులోనూ ఇదే తీరు పనితనం కనిపిస్తుంది. స్క్రూలతో పాడైన ఖరీదైన కలప కంటే, జాయింట్లు బాగున్న ఎల్మ్ కుర్చీ ఇంటికి మేలు.

కొన్నాక ఏసీ గాలి సూటిగా తగలనీయకండి, ఎండ పడే కిటికీకి దూరంగా ఉంచండి. జాయింటు వదులైతే దాన్ని విప్పి సరిచేయగల వడ్రంగిని వెతకండి. పలకకు జిగురు పోసి బిగించేస్తానన్నవాడికి టీ ఇచ్చి పంపేయండి.