పాటల భాండారము - పేరుచీటీల లోపము

గ్రంథాలయములో ఒక పుస్తకము ఒక చోటనే ఉండును. కాని దానిని వెదకు మార్గములు పెక్కు. గ్రంథకర్త పేరు తెలిసినవాడు ఒక చీటీని, పుస్తకము పేరు తెలిసినవాడు వేరొక చీటీని, విషయము మాత్రమే తెలిసినవాడు మరియొక చీటీని చూచి ఆ పుస్తకమును చేరుకొనును. పుస్తకముల బీరువా వేరు, చీటీల పెట్టె వేరు. ఈ భేదమును గుర్తుంచుకొన్నచో కంప్యూటరులో పాటలను భద్రపరచు పద్ధతిలోని గుణదోషములు సులభముగా బోధపడును.

నేడు అనేక గృహములలో గ్రామఫోను రికార్డుల స్థానమును, క్యాసెట్ల స్థానమును కంప్యూటరు డిస్కు ఆక్రమించినది. ధ్వనిని అంకెలుగా మార్చి, ఆ అంకెలను కుదించు విద్యయే దీనికి కారణము. కాంపాక్ట్ డిస్కు కొరకు ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్లలో వ్రాయుదురు. కుడి, ఎడమ మార్గములు రెండింటికిని కలిపి సెకనుకు 14,11,200 బిట్లు అగును. ఈ లెక్కన 5 నిమిషముల పాటకు 5,29,20,000 బైట్లు కావలెను. ఎంపీ3 పద్ధతిలో చెవికి అంతగా తెలియని అంశములను వదలివేసి, సెకనుకు 1,28,000 బిట్లకు కుదించినచో 48,00,000 బైట్లు చాలును. ఇది సుమారు పదునొకండవ వంతు. పాట చిన్నదగుటచే పాటలు పోగుపడినవి. పోగుపడుటచే కావలసిన పాటను వెదకి పట్టుట కష్టమైనది.

ఈ పోగును చక్కబెట్టుటకు ఏర్పడినవే మీడియా ప్లేయరు అను సాఫ్ట్‌వేరులు. 1997లో విన్‌యాంప్, 2001లో ఐట్యూన్స్ వెలువడినవి. వీఎల్‌సీ, ఫూబార్2000, మ్యూజిక్‌బీ మొదలైనవి నేటికిని వాడుకలో ఉన్నవి. పాటలున్న ఫోల్డరును చూపి దిగుమతి చేయుమని ఆజ్ఞాపించిన వెంటనే ఇవి ఫైళ్లన్నింటిని తడవి, కొద్ది నిమిషములలో గాయకుల వారీగా, ఆల్బముల వారీగా పట్టికను సిద్ధము చేయును. చూచువారికి ఇది గొప్ప తెలివిగా తోచును. కాని ప్లేయరు పాటను విని ఈ పని చేయుట లేదు. ప్రతి ఫైలులోను ధ్వనితో పాటు 'ట్యాగు' అను చిన్న పేరుచీటి యొకటి ఉండును. ప్లేయరు ఆ చీటీని చదివి, అందలి విషయమును తన పట్టికలోనికి ఎత్తి వ్రాసికొనును. చీటీ ఖాళీగా ఉన్నచో పట్టికలో 'తెలియని గాయకుడు' అని చేరును. చీటీలో తప్పు ఉన్నచో పట్టికలోను అదే తప్పు చేరును. కనుక మనము మొదట పరీక్షింపవలసినది ఆ చీటీని.

ఎంపీ3 ఫైళ్లకు ఇట్టి చీటీని 1996లో ఎరిక్ కెంప్ అను ఆయన కల్పించెను. దాని పేరు ఐడీ3. ఫైలు చివర సరిగా 128 బైట్ల చోటు దానిది. అందులో గుర్తుకు 3, పాట పేరునకు 30, గాయకునికి 30, ఆల్బమునకు 30, సంవత్సరమునకు 4, వ్యాఖ్యకు 30, సంగీతపు తరగతికి 1 బైటు. ఈ పొదుపును మెచ్చుకొనవలసినదే. చీటీ ఫైలులోనే ఉండుటచేత ఫైలు ఎచటికి పోయినను పేరు దాని వెంటపోవును. అది చివర ఉండుటచేత దానిని గుర్తింపలేని పాత ప్లేయర్లకు కూడ పాట వినిపించుటలో ఆటంకము కలుగలేదు.

అయితే ఆ 30 బైట్ల గడి రోమను లిపికి ఉద్దేశింపబడినది. అచ్చట ఒక అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగును వ్రాయుటకు నేడు విరివిగా వాడుచున్న యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి సంకేతమునకు 3 బైట్లు కావలెను. హల్లు ఒక సంకేతము, గుణింతపు గుర్తు వేరొకటి, సున్న వేరొకటి, వత్తును కలుపు పొల్లు వేరొకటి. 'మంగళంపల్లి బాలమురళీకృష్ణ' అను పేరులో 23 సంకేతములును, వాటి నడుమ ఒక ఖాళీయు కలవు. ఖాళీకి ఒక బైటు చొప్పున మొత్తము 70 బైట్లు. గడిలో పట్టునవి 10 సంకేతములు మాత్రమే. విద్యార్థులు స్వయముగా లెక్కించి చూడవచ్చును. సరిగా 'మంగళంపల్లి' వరకు లోపల పట్టి, బాలమురళీకృష్ణ బయటనే నిలిచిపోవును. ఇంటిపేరు మిగిలినది, మనిషి పేరు పోయినది!

సంగీతపు తరగతిని తెలుపు గడి సంగతి చూతము. ఒక్క బైటుతో 256 తరగతులను సూచింపవచ్చును. మొదటి జాబితాలో 0 నుండి 79 వరకు 80 తరగతులను ఏర్పరచిరి. 24వ సంఖ్య సినిమా సంగీతము, 32వది శాస్త్రీయ సంగీతము, 48వది 'ఎథ్నిక్', అనగా ఏదో ఒక జాతి సంగీతము. పాశ్చాత్యుల రాక్ సంగీతమునకు మాత్రము దాని శాఖోపశాఖలతో పలు సంఖ్యలు లభించినవి. కర్ణాటక సంగీతమునకు ప్రత్యేకముగా ఒక్క సంఖ్యయు లేదు. మన మేళకర్త రాగములే 72. జన్యరాగముల మాట చెప్పనక్కరలేదు.

1998లో వచ్చిన ఐడీ3 రెండవ రూపములో పొడవునకు ఉన్న హద్దు తొలగినది. యూనికోడ్ లిపులకు చోటు దొరికినది. స్వరకర్తకు, గేయరచయితకు వేరువేరు గళ్లు ఏర్పడినవి. లోపము చీటీ పరిమాణములో మాత్రమే ఉన్నచో అది అంతటితో తీరిపోయెడిది. కాని అసలు లోపము చీటీ వెనుకనున్న భావనలో ఉన్నది. ఒక పాట ఒక కళాకారునిది, అది ఒక ఆల్బములోనిది అనునదే ఆ భావన. గాయకుడే తన పాటలను ఆల్బముగా వెలువరించు సంప్రదాయమునకు ఇది చక్కగా అమరును. మన సంగీతమునకు అమరదు.

1957లో విడుదలైన 'మాయాబజార్' చిత్రములోని 'లాహిరి లాహిరి లాహిరిలో' అను పాటను తీసికొందము. రచన పింగళి నాగేంద్రరావు. గానము ఘంటసాల, పి. లీల. చిత్రమునకు సంగీత దర్శకుడు ఘంటసాలయే. అయినను ఈ పాటతో కలిపి నాలుగింటికి బాణీలు కట్టినవారు సాలూరి రాజేశ్వరరావు. ఇప్పుడు కళాకారుని గడిలో ఎవరి పేరు వ్రాయవలెను? 'ఘంటసాల, పి. లీల' అని వ్రాసినచో పలు ప్లేయర్లు దానిని ఒక మూడవ వ్యక్తి పేరుగా భావించి, ఘంటసాల క్రింద కాక, లీల క్రింద కాక, వేరుగా చూపును. కొందరు ఆ గడిలో సంగీత దర్శకుని పేరు వ్రాయుదురు. అప్పుడు గాయకులు కనబడరు. పింగళి వారికి వేరు గడి ఉన్నను దానిని నింపువారు అరుదు. నింపినను పలు ప్లేయర్లు దానిని మొదటి పట్టికలో చూపవు. తెలుగువారు ఒక పాటను 'పింగళి పాట' అని, 'ఆత్రేయ పాట' అని చెప్పుకొందురు. ప్లేయరు పట్టికలో ఆ త్రోవ మూసుకొనిపోయి ఉన్నది.

'శంకరాభరణము' (1980) చిత్రములో చిక్కు మరింత పెరుగును. చిత్రమునకు సంగీత దర్శకుడు కె. వి. మహదేవన్. కాని అందులోని 'బ్రోచేవారెవరురా' మైసూరు వాసుదేవాచార్యుల కృతి. స్వరకర్త గడిలో ఇరువురిలో ఎవరిని వ్రాసినను అది సత్యమే, ఎవరిని విడిచినను అసత్యమే. కచేరీల విషయమున కృతి ఒకటి, దాని ధ్వనిముద్రణము వేరొకటి. త్యాగరాజు (1767-1847) కృతి నొకదానిని నూరుగురు పాడినచో కృతి ఒకటే, ధ్వనిముద్రణములు నూరు. ప్లేయరు ఈ భేదమును ఎరుగదు. దానికి తెలిసినవి నూరు ఫైళ్లు. ఖమాసు రాగములోని కృతులన్నింటిని చూపుమన్నచో దానివద్ద సమాధానము లేదు.

ఇది మన ఒక్కరి ఫిర్యాదు కాదు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమునకును ఇదే కష్టము కలిగినది. అందులో స్వరకర్త, రచన, వాద్యబృందము, దానిని నడపు నిర్వాహకుడు, ఏక వాద్యకారుడు అని పలు అంశములు కలవు. ఆపిల్ సంస్థ 2023లో ఆ సంగీతము కొరకే ప్రత్యేకముగా మరియొక సాఫ్ట్‌వేరును విడుదల చేసినది. పాత చట్రము చాలదని ఒప్పుకొన్నట్లే గదా!

ఇట్టి చిక్కును గ్రంథాలయ శాస్త్రము ఏనాడో ఎదుర్కొన్నది. మదరాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా ఉండిన ఎస్. ఆర్. రంగనాథన్ 1933లో ప్రకటించిన కోలన్ వర్గీకరణములో ఒక విషయమును ఒకే తరగతిలో ఇరికింపలేదు. దానిని పలు ముఖములుగా విడదీసి, ఆ ముఖములను తిరిగి కూర్చెను. పాటకును ఇట్లే రచయిత, బాణీ కట్టినవారు, పాడినవారు, రాగము, తాళము, చిత్రము లేక కచేరీ, సంవత్సరము అను ముఖములు కలవు. ఫోల్డరు బీరువా వంటిది; అందులో పాటకు ఒక్క స్థానమే. ట్యాగులు చీటీల వంటివి. ఎన్ని ముఖములున్న అన్ని చీటీలు వ్రాయవచ్చును.

ఈ పని అసాధ్యము కాదనుటకు నిదర్శనములు కలవు. 2001లో వచ్చిన ఫ్లాక్ ఫైళ్లలో గళ్లకు మనము కోరిన పేర్లు పెట్టుకొనవచ్చును. ఐడీ3 రెండవ రూపములో కూడ సొంత గడిని చేర్చుటకు వీలున్నది. ఫూబార్2000, మ్యూజిక్‌బీలలో అట్టి గడిని పట్టికలో చూపించుకొనవచ్చును. అందరును కలిసి నింపు మ్యూజిక్‌బ్రెయిన్జ్ అను సమాచార భాండారము రచనను, ధ్వనిముద్రణమును వేరువేరుగా నమోదు చేయును. కర్ణాటక రచనలకు రాగము, తాళము చేర్చు ఏర్పాటును అందులో కలదు. కనుక నేడు సంకుచితముగా ఉన్నది ఫైలు కాదు, పలు ప్లేయర్లు మనకు మొదట చూపు కిటికీ. తయారుచేయువారు దానిని విశాలము చేయవలెను.

అయితే తప్పంతయు సాఫ్ట్‌వేరుదే అనుట న్యాయము కాదు. పేర్లు వ్రాయుటలో మన అలక్ష్యము తక్కువ కాదు. 'పి. సుశీల', 'సుశీల', 'పులపాక సుశీల' అని మూడు విధముల వ్రాసినచో యంత్రమునకు ముగ్గురు గాయనులు. పేరు నడుమ ఒక చుక్క, ఒక ఖాళీ ఎక్కువైనను వేరు మనిషియే. ధ్వని పోలికను బట్టి పాటను గుర్తించు 'శబ్దపు వేలిముద్ర' పద్ధతి యొకటి ఉన్నది. అది ఒకే ధ్వనిముద్రణపు రెండు నకళ్లను పట్టుకొనును. కాని ఒకే కృతిని ఇద్దరు పాడినప్పుడు ఆ రెండును ఒకే కృతియని చెప్పుటకు ఉద్దేశించినది కాదు. అది చెప్పవలసినవాడు సంగీతము తెలిసిన మనిషి.

దిగుమతి విషయమున మరి రెండు సంగతులు గమనింపవలెను. కొన్ని ప్లేయర్లు ఫైలును ఉన్నచోటనే ఉంచి దాని చిరునామాను మాత్రము వ్రాసికొనును. తరువాత మనము ఫోల్డరును జరిపినచో చిరునామా తప్పి, పాట దొరకదు. కొన్ని మన అనుమతితో ఫైళ్లను తమ ఫోల్డరులోనికి నకలు చేసికొనును. అప్పుడు ఒక్కొక్క పాట రెండు చోట్ల చోటు తినును. ఏ పద్ధతి కావలెనో ముందే నిశ్చయించుకొనవలెను. రెండవది: పాటకు మనమిచ్చు నక్షత్రములు, ఎన్నిసార్లు విన్నామను లెక్క వంటివి పలు ప్లేయర్లలో ఫైలులో చేరవు, ప్లేయరు సొంత పట్టికలోనే ఉండును. ప్లేయరును మార్చినచో అవి వెంటరావు. ఫైలులోని చీటీలో వ్రాసినదే శాశ్వతము.

ఉన్నత పాఠశాలలలో దీనిని ఒక చక్కని అభ్యాసముగా చేయింపవచ్చును. 20 పాటలను తీసికొని మొదట వాటికి నకలు తీయించవలెను. ప్రతి గాయకునికి, ప్రతి రచయితకు ఒకే రూపములో పేరు నిర్ణయించి నోటు పుస్తకములో వ్రాయించవలెను. ఏ ముఖములు కావలెనో విద్యార్థులే చర్చించి తేల్చవలెను. తరువాత గళ్లను నింపి, చివరకు దిగుమతి చేయించవలెను. నింపకముందు దిగుమతి చేసిన పట్టికను, నింపిన పిదప చేసిన పట్టికను ప్రక్కప్రక్కన ఉంచి చూపినచో వర్గీకరణము ఎంత అవసరమో ఉపన్యాసము లేకుండగనే తెలియును. వృక్షశాస్త్రములో మొక్కలను, రసాయన శాస్త్రములో మూలకములను వర్గీకరించునప్పుడు కావలసిన వివేకము ఇదే.

నేడు పలువురు పాటలను తమ యొద్ద ఉంచుకొనక, ఇంటర్నెట్టు ద్వారా అప్పటికప్పుడు వినుచున్నారు. అట్టి సేవలలో రచయిత పేరు లేకున్నను, తప్పుగా ఉన్నను వినువాడు తానుగా దిద్దలేడు. ఇంటనున్న భాండారములో దిద్దవచ్చును. పాత క్యాసెట్లను, రికార్డులను కంప్యూటరులోనికి ఎక్కించుచున్నవారికి ఈ బాధ్యత మరింత హెచ్చు. క్యాసెట్టు అట్టపై పెద్దలు చేతితో వ్రాసిన కచేరీ తేదీ, ప్రక్కవాద్యముల వారి పేర్లు ధ్వనితో పాటు ఫైలులోనికి రావు. అట్టను పారవేయుటకు ముందే వాటిని చీటీలోనికి ఎక్కించవలెను. ఆ మృదంగము వాయించినది ఎవరో ఇంటి పెద్దలకు జ్ఞాపకమున్న నాడే అడిగి వ్రాసికొనవలెను. తరువాత చెప్పగలవారు ఉండరు.