నీరు లేని మరపడవ యంత్రము: ఒక హెచ్చరికపై విమర్శ

పడవ వెనుక అంచుకు తగిలించి నడుపు ఔట్‌బోర్డు మోటారును 1909లో అమెరికాలోని మిల్వాకీ నగరమున ఓలే ఎవిన్‌రూడ్ విక్రయమునకు తెచ్చెను. నేడది మన కోస్తా చేపల పడవలకు కూడ చేరినది. నీటితో చల్లబడు ఇట్టి మోటార్లకు జతచేయు సూచనల పుస్తకములలో ఒక వాక్యము దాదాపు తప్పక ఉండును: ‘నీరు లేకుండ యంత్రమును నడపరాదు.’

ఈ వాక్యము సత్యమే. కాని కారణము చెప్పని ఆజ్ఞ సగము విద్య మాత్రమే. కారణమెరుగని వాడు ‘ఒక్క నిమిషమే గదా’ యని తనకు తానే మినహాయింపు ఇచ్చుకొనును. మరమ్మతు చేసిన మోటారును ఒడ్డుననే ఒకసారి మ్రోగించి చూచుట ఇట్టిదే. కావున ఆ వాక్యమున లోపించిన దేమో పరిశీలింతము.

మొదటి లోపము: ముందుగా చెడునది ఏ భాగమో అది చెప్పదు. చదువరి సిలిండరును తలచుకొని, ‘అంత ఇనుము క్షణములో కాలునా?’ అనుకొనును. నిజమునకు మొదట నష్టపడునది చిన్న రబ్బరు చక్రము. మోటారు క్రింది భాగమున ఒక పంపు కలదు. దాని గదిలో రబ్బరు రెక్కల చక్రము కేంద్రమునకు కొంత ప్రక్కగా అమర్చబడియుండును. తిరుగునపుడు రెక్కలు ఒకవైపు వంగుచు, మరియొకవైపు విప్పుకొనుచు నీటిని పీల్చి పైకి నెట్టును. ఇది ఇంజను నిలువు ఇరుసుతోనే తిరుగును గనుక, గేరు వేయకున్నను, పంఖా కదలకున్నను, పంపు ఆగదు.

ఈ రెక్కలకు నీరే కందెన. గది గోడకును రెక్కకును నడుమ పలుచని నీటిపొర యుండి ఘర్షణను తగ్గించును, పుట్టిన వేడిని కొనిపోవును. నీరు లేనిచో రబ్బరు లోహముపై పొడిగా రాచుకొనును. రబ్బరు ఉష్ణమును సులభముగా ప్రసరింపనీయదు. కావున వేడి రెక్క అంచుననే నిలిచి, కొన్ని క్షణములలోనే దానిని మాడ్చివేయవచ్చును. తెగిన ముక్కలు నీటిదారులలో చిక్కుకొనిన, క్రొత్త చక్రము వేసినను నీరు సరిగా పారదు.

రెండవ లోపము: ఉష్ణోగ్రత హెచ్చరిక గంట ఉన్న మోటార్లలో, ఆ గంటయే రక్షించునన్న భ్రమను ఈ క్లుప్తత తొలగింపదు. ఆ గంట ఇంజను వేడిని కనిపెట్టునే గాని, పంపు రబ్బరు వేడిని కాదు. అది మ్రోగునప్పటికి పంపు పాడైయుండవచ్చును.

పంపు చెడిన పిదప ఇంజను వంతు వచ్చును. 70 మిల్లీమీటర్ల వ్యాసము గల అల్యూమినియము పిస్టను, దాని చుట్టును పోత ఇనుప తొడుగు ఉన్నవనుకొందము. రెండును మరి 100 డిగ్రీల సెంటీగ్రేడు వేడెక్కినచో పిస్టను వ్యాసము సుమారు 0.16 మిల్లీమీటరు పెరుగును. తొడుగు లోవ్యాసము 0.08 మాత్రమే పెరుగును. వాని నడుమ ఉండు సందు మిల్లీమీటరులో కొన్ని నూరవ వంతులే. ఆ సందు పూడి, నూనెపొర చెదరి, పిస్టను బిగుసుకొనును. వ్యాకోచ పాఠమునకు ఇంతకన్న చక్కని లెక్క అరుదు.

మూడవ లోపము: ప్రక్కనుండి చిమ్ము సన్నని నీటిధారను చూడుమని పుస్తకములు చెప్పును, దాని అర్థమును మాత్రము వివరింపవు. ధార వచ్చుచున్న పంపు పనిచేయుచున్నదని తెలియును. లోపలి దారులన్నియు ఉప్పు పేరుకొనక తెరచియున్నవని రుజువు కాదు. ధార రానంతనే పంపు చెడినదనియు నిర్ణయింపరాదు. ఆ చిన్న రంధ్రము ఇసుకతో మూసికొనియుండవచ్చును. అయినను కారణము తేలువరకు ఇంజనును ఆపుటయే క్షేమము.

నిందించుటతో సరిపుచ్చరాదు, మంచి సూచన ఎట్లుండవలెనో కూడ చెప్పవలెను. ఒడ్డున నడుపవలసి వచ్చినచో, నీరు పీల్చు రంధ్రములకు తగిన రబ్బరు తొడుగులు పెట్టి, గొట్టపు నీటిని ముందు విప్పి, పిదపనే ఇంజనును ప్రారంభింపవలెను, వేగము పెంచరాదు, పంఖాకు దూరముగా నిలువవలెను. పీపాలో నడుపునపుడు పీల్చు రంధ్రములును పంపును నీటిలో మునిగియుండవలెను. పొగలో విషవాయువగు కార్బన్ మోనాక్సైడు ఉండును గనుక ఇదంతయు ఆరుబయటనే జరుపవలెను. పొరపాటున పొడిగా నడచినచో, వెంటనే ఆపి, తనంతట చల్లారనిచ్చి, సముద్రములోనికి పోకముందే పంపు చక్రమును విప్పి చూడవలెను. కాలిన లోహముపై చన్నీరు గ్రుమ్మరించిన ఒకచోట కుంచించి, మరొకచోట కుంచింపక అది వంగవచ్చును, పగులవచ్చును.

గాలితోనే చల్లబడు చిన్న మోటార్లకు నీటి పంపును గూర్చిన ఈ నియమము వర్తింపదు. నియమము వెనుకనున్న కారణము తెలిసినవానికే దాని హద్దును తెలియును.

ఉపాధ్యాయులు ఘర్షణ, వ్యాకోచము, ఉష్ణ ప్రసారము అను మూడు పాఠములను ఈ ఒక్క పంపుతో ముడిపెట్టి బోధింపవచ్చును. తీరగ్రామపు విద్యార్థికి ఇది పరీక్షా విషయము మాత్రమే కాదు. ఒడ్డున మాడిన రబ్బరు రెక్క ఒడ్డుననే బయటపడదు. తీరము కనుమరుగైన చోట ఇంజను ఆగినపుడు అది బయటపడును. అప్పుడు పోవునది ఆనాటి వేట మాత్రమే కాకపోవచ్చును.