గుడ్ల మచ్చలు

రాత్రిపూట టార్చి పట్టుకుని బండల చుట్టూ తిరిగి బల్లుల్ని చూడటం కూడా ఒక పనేనా అని మా ఇంట్లో అడుగుతుంటారు. మీద పడితే పంచాంగంలో బల్లిపాటు ఫలం చూసుకుంటాం, మాట మధ్యలో పలికితే సత్యమంటాం. పడకుండా, పలకకుండా ఉన్న బల్లిని ఎందుకు చూడాలన్నది వాళ్ల ప్రశ్న.

నాకీ పిచ్చి ఎక్కించింది శేషాచలం కొండల బంగారు బల్లి. తిరుపతి కొండల్లో దొరికిన దాన్ని 1870లో బెడ్డోమ్ అనే సైనికాధికారి లోకానికి చెప్పాడు. తరవాత చాలాకాలం దాని ఊసే లేదు. తూర్పు కనుమల్లో మళ్లీ కనిపించిందని 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో జె.సి. డేనియల్ తదితరులు రాశారు. పాపికొండల్లోనూ ఉంది. దగ్గరి చుట్టం మాత్రం సముద్రం దాటి శ్రీలంకలో!

నీడ, చెమ్మ ఉన్న గుహలు, రాతి నెర్రెలే దీని ఇల్లు. పసుపు మెరుపంతా మగదానిదే. ఆడది గోధుమరంగులో బండలో కలిసిపోతుంది. అందుకే, దాన్ని వెతకబోయిన రాత్రి టార్చి తిన్నగా కొడుతున్న నన్ను ఆపి, వెంట వచ్చిన బీట్ గార్డు అన్నాడు: "బల్లిని ఎతకొద్దు సార్, గుడ్ల మచ్చలు చూడండి."

వెలుగును గోడ వెంబడి పక్కనుంచి పారిస్తే గుడ్డు నీడ లేచి కనిపిస్తుంది. తెల్లగా, గుండ్రంగా, రాతికి అతుక్కుని ఉంటుంది. వేలితో పెళ్లగించబోతే పగులుతుందే తప్ప ఊడిరాదు. చాలా ఆడబల్లులు ఒకే చోట పెడతాయి. పిల్లలు వెళ్లిపోయాక పెంకు రాలినా అడుగున తెల్లటి వలయం మచ్చలా మిగులుతుంది. పాత వలయాల పక్కనే కొత్త గుడ్లు. ఆ గోడ ముందు నిలబడితే బల్లి కనిపించకపోయినా విసుగనిపించదు. కంచి గుడిలో బంగారు బల్లిని తాకడానికి మనవాళ్లు వరస కడతారు. ఈ అసలుదాన్ని తాకకపోవడమే మంచిది. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చిన ప్రాణి మరి.

శ్రీకాకుళం జిల్లా సుమ్మాదేవిలో నేను చూసేవి మామూలు బల్లులే. అయినా టార్చి పట్టే తీరు అదే. జీడితోటల పక్క బండ కనిపిస్తే ముందు నెర్రె కోసం చూస్తాను. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల వాళ్లదీ అదే చూపు, కాకపోతే తిరగేసి. శ్రీకాకుళం బ్లూ దిమ్మకు నెర్రె ఉంటే ధర పలకదు. కాబట్టి పని మొదలవగానే నెర్రెలిచ్చిన పైరాయిని ముందు తవ్వి పక్కన పారబోస్తారు. వాళ్లకది చెత్త. లారీ ఎక్కేది కింది నున్నటి దిమ్మ. దాని మీద ఏ బల్లీ గుడ్డు పెట్టి ఉండదు.