పాత బై-లెవెల్, కొత్త రెండంతస్తులు: ఎడ్మంటన్‌లో ఏది మేలు?

ఎడ్మంటన్‌లో ఇల్లు వెతుక్కునే తెలుగు కుటుంబాలకు తరచుగా రెండు రకాలు ఎదురవుతాయి. ఒకటి మిల్‌వుడ్స్‌లో 1970ల్లో కట్టిన బై-లెవెల్. రెండోది ఆంథొనీ హెన్‌డే రింగురోడ్డు దాటాక, ఎల్లర్‌స్లీ రోడ్డుకు దక్షిణాన లేస్తున్న కొత్త రెండంతస్తుల ఇల్లు. చాలామంది వంటగది మెరుపు చూసి వీటిని బేరీజు వేస్తారు. డబ్బు పెడితే మారేవి ఏవి, ఎంత పెట్టినా మారనివి ఏవి అని విడదీసినప్పుడే అసలు విలువ తేలుతుంది.

ముందు గుమ్మం చూద్దాం. బై-లెవెల్లో తలుపు తీయగానే హాలు ఉండదు. చాప పరిచేంత చోటు, అక్కణ్నుంచి కొన్ని మెట్లు పైకి, కొన్ని కిందికి. జనవరిలో మైనస్ 25 చలిలో నలుగురు చుట్టాలొస్తే, ఇద్దరు బూట్లు విప్పి పైకెక్కేదాకా మిగతా ఇద్దరూ బయట ఆగాల్సిందే. ఈలోగా చలిగాలి నేరుగా కింది గదుల్లోకి దిగుతుంది. సూపర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులుంటే ఏ గదికి వెళ్లాలన్నా మెట్లే దిక్కు. ఇక్కడ కొత్త ఇల్లే గెలుస్తుంది. వాకిలి విశాలం. చాలా ప్లాన్లలో కిందే ఒక పడకగది, స్నానాలగది ఉంటాయి. తాలింపు ఘాటు హాల్లోకి రాకుండా స్పైస్ కిచెన్ కూడా ఇస్తున్నారు.

కింది అంతస్తు దగ్గర తూకం తిరగబడుతుంది. కొత్త ఇంటి బేస్‌మెంట్ దాదాపు పూర్తిగా భూమిలో ఉంటుంది. కిటికీలు గోడ పైఅంచున చిన్నగా, పట్టపగలే లైటు వేసుకోవాల్సినట్టుగా ఉంటాయి. బై-లెవెల్ సగమే భూమిలోకి దిగుతుంది కనుక కింద కూడా పెద్ద కిటికీలు, ఎండ. అగ్నిప్రమాదంలో బయటపడటానికి పడకగది కిటికీ తెరుచుకునే వైశాల్యం కనీసం 0.35 చదరపు మీటర్లు ఉండాలి, ఏ వైపూ 38 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఆ కొలత ఇక్కడ సులువుగా కుదురుతుంది, అయినా టేపు పెట్టి చూసుకోవాలి. ఇంటిని సగం పైకెత్తడం వల్లే గుమ్మం ఇరుకైంది, కింది అంతస్తు వెలుగు చూసింది. ఆ రెంటిలో ఒకదాన్నే ఏరుకోలేం.

గోడల వెనక సంగతి వేరు. 1970ల ఇళ్లలో అల్యూమినియం వైరింగ్ ఉండొచ్చు. కలిపిన చోట్ల వదులై వేడెక్కడం దాని జబ్బు. 1978 తర్వాతి ఇళ్లలో, లేదా ఆ తర్వాత ప్లంబింగ్ మార్చిన ఇళ్లలో, బూడిదరంగు ప్లాస్టిక్ పాలీ-బీ గొట్టాలు ఉండొచ్చు. అటకమీది వర్మిక్యులైట్ ఇన్సులేషన్‌లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. కింది గోడల్లో ఒక్క మూలే కొత్తగా రంగు వేసి ఉన్నా, ఫర్నేస్ గదిలో కాంక్రీటు మీద తెల్లగా ఉప్పు పొర కట్టినా నీరు దిగుతోందని అనుమానించాలి. బయట నేల వాలు ఇంటివైపుందేమో చూడాలి. మురుగు గొట్టంలోకి కెమెరా పంపించాలి. ఇవన్నీ ఖర్చులే, కానీ సరిచేయగలిగిన ఖర్చులు. కొత్త ఇంటికి 2014 నుంచి అల్బర్టాలో చట్టబద్ధమైన వారంటీ ఉంది: పనితనానికి ఏడాది, ప్లంబింగ్, హీటింగ్, వైరింగ్‌కు రెండేళ్లు, ఇంటి పైకవచానికి అయిదు, నిర్మాణానికి పదేళ్లు. ఆ నిశ్చింత తక్కువదేం కాదు.

చోటుకు మాత్రం ఎవరూ వారంటీ ఇవ్వరు. మిల్‌వుడ్స్‌లో బళ్లు, ఎదిగిన చెట్లు, పెద్ద పెరడు ఉన్నాయి. 2023 నవంబరులో మొదలైన వ్యాలీ లైన్ రైలు డౌన్‌టౌన్‌కు తీసుకెళ్తుంది. కొత్త కాలనీల్లో స్థలాలు సన్నం, బడి కట్టేసరికి పిల్లలు పెద్దవాళ్లవుతారు. అయితే పాత పేట కూడా ఇలాగే నిలిచిపోదు. 2024లో అమల్లోకి వచ్చిన జోనింగ్ నిబంధనలు మామూలు స్థలంలోనూ ఎనిమిది ఇళ్ల దాకా అనుమతించాయి. మీ స్థలం విలువ పెరగొచ్చు, పక్కింటి స్థానంలో అనేక వాకిళ్లూ రావచ్చు.

నా తీర్పు ఇది. పెద్దవాళ్లు ఏళ్ల తరబడి మీతోనే ఉండేట్టయితే కొత్త ఇల్లు తీసుకోండి. మెట్లు ఇబ్బంది కాకపోతే, ఎదిగిన పిల్లలో అద్దెకుండేవాళ్లో కింద ఉండేట్టయితే మంచి బై-లెవెలే మేలు. కింది భాగాన్ని అద్దె సూట్‌గా చూపిస్తే దానికి నగర పర్మిట్ ఉందో లేదో ముందే కనుక్కోండి. వైరింగ్, గొట్టాలు, నీటివాలు బాగుచేయడానికి ఎంతవుతుందో రాతపూర్వకంగా అంచనా తీసుకుని, ఆ మొత్తాన్ని మీ ఆఫర్‌లోంచి తగ్గించండి. అమ్మేవాళ్లు అందుకు ఒప్పుకోకపోతే, చెట్లు ఎంత బాగున్నా ఆ ఇల్లు వదిలేయండి.