వినడం తెలిసిన రేడియోలు

మెసేజ్‌లను ఒకదాని నుంచి ఒకటి అందుకుని ముందుకు పంపే మెష్‌టాస్టిక్ రేడియోల్లో నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది ఒక చిన్న ఆగడం. ఒక నోడ్, అంటే వలలోని ఒక రేడియో, మెసేజ్ పంపింది, చుట్టుపక్కల నాలుగు నోడ్లకు అందింది అనుకోండి. నాలుగూ ఒకేసారి దాన్ని ముందుకు పంపితే గాలిలోనే ఢీకొని ఎవరికీ దక్కదు. అందుకని ప్రతిదీ కాసేపు ఆగుతుంది. సిగ్నల్ ఎంత బలంగా వినబడితే అంత ఎక్కువసేపు ఆగే అవకాశం. బలంగా విన్నది దగ్గరలో ఉన్నట్టు లెక్క. బలహీనంగా విన్నది దూరాన ఉండి ఉంటుంది కాబట్టి అది ముందు పలుకుతుంది, మెసేజ్ ఒక్క గంతులో ఎక్కువ దూరం దాటుతుంది. ఆ పలుకు వినగానే ఆగి ఉన్నవి తమ వంతు వదిలేసుకుంటాయి. పైన పెత్తనం చేసే సర్వర్ లేదు, టవర్ లేదు. కెవిన్ హెస్టర్ 2020లో మొదలుపెట్టి, ఎందరో స్వచ్ఛందంగా పెంచిన ఈ ఫర్మ్‌వేర్‌లో ఇంత మర్యాద దాగి ఉంది. నోడ్‌ను సెట్ చేసేవాడి నేర్పంతా ఆ మర్యాదను చెడగొట్టకుండా ఉండటంలోనే ఉందని నా నమ్మకం.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల మీదుగా ఈ వల పరవాలంటే ఏమేం చూడాలో ఆలోచిద్దాం. అవసరం ఎంతుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. 2023 జులై 27 ఉదయానికి భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 24 గంటల్లో 616.5 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచ వాగు మోరంచపల్లిని ముంచేస్తే జనం మిద్దెలెక్కారు. మరుసటి ఏడు సెప్టెంబర్ 1న ఆకేరు వాగు మహబూబాబాద్ జిల్లాలోని సీతారాం తండాను ముంచింది. కేసముద్రం, ఇంటికన్నె మధ్య కంకర కొట్టుకుపోయి రైలు పట్టాలు గాలిలో వేలాడాయి. కరెంటు పోయాక సెల్ టవర్ బ్యాటరీ, డీజిల్ ఉన్నంతసేపే నిలబడుతుంది.

కొత్త రేడియోలో ముందుగా పెట్టాల్సింది ప్రాంతం. అది పెట్టేదాకా రేడియో నోరు విప్పదు. ఇండియా అని ఎంచుకుంటే 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ మధ్యకు వస్తుంది. మన దేశంలో ఈ బ్యాండ్‌కు 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు, 2021లో 868 దాకా పెంచారు. అయితే నిబంధనలో ఒక వాట్ పరిమితితో పాటు 200 కిలోహెర్ట్జ్ వెడల్పు పరిమితి కూడా ఉంది. డబ్బా తెరవగానే ఉండే ‘లాంగ్ ఫాస్ట్’ సెట్టింగ్ వెడల్పేమో 250. పనిమీద శ్రద్ధ ఉన్నవాడి కన్ను ఇక్కడ ఆగుతుంది. 125 కిలోహెర్ట్జ్ వాడే ‘లాంగ్ మోడరేట్’కు మారితే పరిమితి లోపలే ఉంటాం, దూరమూ కొంచెం పెరుగుతుంది. దానికి మూల్యం సమయం. లాంగ్ ఫాస్ట్‌లో నిండు మెసేజ్‌కు దాదాపు రెండు సెకన్లు పడితే, ఇందులో ఆరేడు సెకన్లు. అంతసేపూ వినికిడి దూరంలో ఉన్న నోడ్లన్నీ నోరు మూసుకోవాలి. పైగా వలలోని నోడ్లన్నీ ఒకే సెట్టింగ్‌లో ఉంటేనే ఒకదాని మాట ఒకదానికి తెలుస్తుంది, కాబట్టి ఇది ఒక్కరు తీసుకునే నిర్ణయం కాదు.

గాలి ఇంత ఖరీదైనప్పుడు ప్రతి అనవసరపు పలుకూ నేరమే. గుట్టమీద బిగించిన నోడ్ కదలదు, దానికి జీపీఎస్ ఆపేసి స్థిరమైన చోటు రాసిపెడితే చాలు. బ్యాటరీ ఎంతుందో, తానెక్కడుందో మాటిమాటికీ చాటే వ్యవధులను గంటలకు పెంచాలి. ఇక వలలో నోడ్ పాత్ర. తన నోడ్‌ను ‘రౌటర్’ చేస్తే వల బలపడుతుందని కొత్తవాళ్లు అనుకుంటారు. రౌటర్ మిగతావాటికంటే ముందు పలుకుతుంది, వేరేవాళ్లు పలికినా తన వంతు వదలదు. ఊరి మధ్య మిద్దెమీద అలాంటిదొకటి కూర్చుంటే, దూరాన ఉన్న మంచి నోడ్ నోరు కట్టేసినట్టే. నాలుగు వైపులా కనబడే ఎత్తు మీద ఉన్నదానికే ఆ పాత్ర తగును. ఇంట్లో ఉన్న రెండో నోడ్‌కు ‘క్లయింట్ మ్యూట్’ చాలు. తన మాట పంపుతుంది, తనకొచ్చింది వింటుంది, ఇతరుల మాట మోయదు. పదిమందిలో ఆ పాత్రను కోరి తీసుకునేవాడిని నేను ఎక్కువ గౌరవిస్తాను.

గంతుల సంఖ్య మామూలుగా 3, గరిష్ఠం 7. జనగామ నుంచి భూపాలపల్లికి తిన్నగా గీత గీసినా వంద కిలోమీటర్లు దాటుతుంది. సంఖ్యను ఏడుకు పెంచుదామని చెయ్యి లాగుతుంది. ఆ చెయ్యిని ఆపుకొని గుట్టలవైపు చూడాలి. మూడు గంతులంటే మధ్యలో మూడు నోడ్లు, నాలుగు లంకెలు, లంకెకు 27 కిలోమీటర్ల చొప్పున. మనిషి చేతిలోని రేడియోకు దిగంతం ఐదు కిలోమీటర్లే. 50 మీటర్ల ఎత్తుకు పోతే 29 కిలోమీటర్లు. జాఫర్‌గఢ్ కోట ఉన్న గుట్ట, రేగొండ దగ్గరి పాండవుల గుట్టల లాంటి ఎత్తులు ఈ నేలకు ఉన్నాయి. అనుమతి తీసుకోకుండా స్తంభం పాతే చోట్లు కావవి, ఆ కాగితాల పని కూడా నేర్పులో భాగమే. చూపు ఆనినంత మాత్రాన సరిపోదు. పది కిలోమీటర్ల లంకెకు నడుమ దాదాపు 29 మీటర్ల వ్యాసార్ధం మేర ఖాళీ ఉండాలి. భూపాలపల్లి వైపు వానకు తడిసిన టేకు ఆకులు సిగ్నల్‌ను తాగేస్తాయి. ఎండాకాలంలో పరీక్షించి సంతోషపడితే జులైలో వల తెగుతుంది.

హోరుకంటే యాభై రెట్లు బలహీనమైన సిగ్నల్‌ను కూడా ఏరుకోగల, ఈ రేడియోల్లోని లోరా చిప్‌కు మనం చేయగల ద్రోహం తప్పుడు యాంటెన్నా. 915కు చేసింది బిగిస్తే పని చేస్తున్నట్టే ఉంటుంది, దూరం మాత్రం పోతుంది. 866 మెగాహెర్ట్జ్‌కు పావు తరంగం దాదాపు 8.65 సెంటీమీటర్లు, స్కేలు పెట్టి కొలుచుకోవచ్చు. యాంటెన్నా లేకుండా ఆన్ చేస్తే చిప్ కాలిపోవచ్చు. సోలార్ మీద నడిచే గుట్ట నోడ్‌కు ఎన్‌ఆర్‌ఎఫ్52 బోర్డు మేలు, ఈఎస్‌పీ32తో పోలిస్తే కరెంటు చాలా తక్కువ తాగుతుంది. ముసురు పట్టిన వారంలో ఆ తేడా తెలుస్తుంది. ఇక గోప్యత: రేడియోతో మొదట వచ్చే ఛానల్ తాళం లోకమంతటికీ తెలిసిందే, మన మాటలకు మన తాళం వేసుకోవాలి.

తెలుగులో రాసేవాళ్లకు ఎదురయ్యే లెక్క ఇంకొకటుంది. మెసేజ్‌కు చోటు సుమారు 200 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒకటి చాలు, తెలుగులో అక్షరానికి మూడు, గుణింతపు గుర్తుకు ఇంకో మూడు. ‘వాగు పొంగింది’ అంటే 37 బైట్లు. ఊరు, నీటి మట్టం, కావాల్సిన సాయం చెప్పడానికి చోటుంది, సోదికి లేదు. నోడ్ పొట్టి పేరుకు నాలుగు బైట్లే కాబట్టి ఒక్క తెలుగు అక్షరమే పడుతుంది. మనుషుల పేర్ల కంటే చోట్ల పేర్లు పెట్టడం నయం, వరద రాత్రి మెసేజ్ ఎటునుంచి వచ్చిందో పేరే చెబుతుంది. పొడుగు పేరుకు 39 బైట్ల దాకా ఇస్తారు. ‘మోరంచ వాగు’కు 28 పడతాయి.