ఈకల ఈగ

ఇంగ్లండునందలి హ్యాంప్‌షైరు మండలమున టెస్టు, ఇచెన్ నదుల తీరములందు, చిన్న గాలమునకు కోడిమెడ ఈకలను, కుందేటి చెవి నూగును పట్టుదారముతో బిగించి, నీటిపై వ్రాలిన ఈగవలె తోచునట్లు కృత్రిమకీటకమును నిర్మించు విద్య మిక్కిలి మెచ్చదగినది. 1886లో ఫ్రెడరిక్ హాల్ఫర్డు నీట తేలు ఈగల కల్పనను గూర్చి ప్రత్యేక గ్రంథమునే వెలువరించెను.

ఈ ఈగకు ట్రౌటుచేప మోసపోవుట వింత గాదు. నీటిని రాచుకొనుచు ఎగురు వానకోయిల ఒక్కొక్కతఱి దానినే నోటనందుకొనును. మునిమాపువేళ, రంగుతో నిమిత్తము లేక ప్రతిధ్వనిచేతనే ఎరను గుర్తించు గబ్బిలమును దానికి చిక్కును. కన్నులను నమ్మిన పక్షిని, చెవులను నమ్మిన జంతువును కూడ భ్రమింపజేసిన ఆ చేతిపనికి వేఱు యోగ్యతాపత్రమేల?

అయినను జాలరి నేర్పు తేలునది గబ్బిలము చిక్కినప్పుడే. తొందరపడక దారమును చుట్టి, ఆ దేశపు గబ్బిలములలో కొన్నింట పిచ్చికుక్కకాటు రోగమును బోలిన వ్యాధి యుండుటచే దళసరి చేతొడుగు తొడిగి, చిక్కిన గబ్బిలమును మృదువుగా పట్టి, గాలమును దిగిన దారినే వెనుకకు తీయవలెను. ఎదురుముల్లు లేని గాలమైనచో అది సులువుగా జారివచ్చును. అందుచేతనే వివేకి యగువాడు అట్టి గాలమునే వాడును. గబ్బిలములు దట్టముగా తిరుగుట చూచినంతనే ఆనాటికి గాలపుకఱ్ఱ దించును.