శ్రీబాగ్ లెక్కలో కూలోళ్లెక్కడ?

నీళ్ల న్యాయం గురించి సీమలో ఎవరు మాట్లాడినా శ్రీబాగ్ ఒడంబడికతోనే మొదలుపెడతారు. 1937 నవంబరు 16న మద్రాసులో కోస్తా, సీమ పెద్దలు రాసుకున్న కాగితమది. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో సీమకూ నెల్లూరుకూ పదేళ్లు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, మొదటి ప్రాధాన్యం ఇవ్వాలన్నారు. అది కాగితం మీదే ఉండిపోయింది. తర్వాత బచావత్ ట్రిబ్యునల్ 1960 నాటికే ఉన్న వాడకాలకు రక్షణ ఇచ్చింది. కృష్ణా డెల్టాకు 181.2 టీఎంసీలు, సీమలోని కె.సి. కాలువకు 39.9 టీఎంసీలు ఖాయం చేసింది. పాత కాలువ ఉన్నవాళ్లు ముందు, లేనివాళ్లు వెనక. ముందు తోడుకున్నోడిదే బావి అనే ఊరి సూత్రమే ఇది.

సీమవాదులు ఈ అన్యాయాన్ని సరిగ్గానే పట్టుకున్నారు. కానీ వాళ్ల లెక్క కూడా ఎకరాల దగ్గరే ఆగిపోతోంది. చిలమకూరు లాంటి ఊళ్లో సెంటు భూమి లేని మాల మాదిగ కూలోళ్లకు కాలువ నీళ్లొస్తే ఏమొస్తుంది? పని దినాలు పెరుగుతాయంటారు. పని దినాలు హక్కు కాదు, ఆసామి దయ.

మహారాష్ట్రలోని పురందర్ తాలూకాలో 1970లలో మొదలైన పానీ పంచాయతీ, నీళ్లను భూమిని బట్టి కాక ఇంట్లోని మనుషుల్ని బట్టి పంచింది. భూమి లేనోళ్లకూ అందులో వాటా ఉంది. చిన్న పథకాల్లో సాధ్యమైంది పెద్ద ప్రాజెక్టుల్లో మనమెందుకు అడగకూడదు? డెల్టాకెంత, సీమకెంత అన్న ప్రశ్నను వదలొద్దు. దాని పక్కనే మాలపల్లెకెంత, మాదిగపల్లెకెంత అని కూడా అడగాలి.